ఉస్తాద్ అనిపించుకున్నాక



అల్లుడూ, మొన్న ఉప్పుగూడ స్టేషన్ దగ్గర మీ షెడ్డుకొచ్చి నీ వెల్డింగ్ పని చూసి సంతోషపడ్డాను. అందరి ముందూ అనలేక ఒక్క సంగతి ఇప్పుడు రాస్తున్నా. నీ ముఖానికి మాస్కుంది. నీకోసం యాంగిల్ పట్టుకున్న హెల్పర్ కుర్రాడికి ఏమీ లేదు. “కళ్ళు మూస్కో” అన్నావు, వాడు తల తిప్పుకున్నాడు, నువ్వు టాకా వేశావు.

అది చాలదు బిడ్డా. ఆర్క్‌లోంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు పక్కనున్న మెరిసే రేకు మీద పడి కూడా కంటికి తగులుతాయి. అప్పటికప్పుడు ఏమీ తెలియదు. ఇంటికెళ్ళి అన్నం తిని పడుకున్నాక, అర్ధరాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు మంట, ఆగని నీళ్ళు. ఇంట్లోవాళ్ళు ఆలుగడ్డ ముక్కలు పెడతారు, పాలు పోస్తారు. పొద్దున అదే కళ్ళతో మళ్ళీ పనికొస్తాడు. నీకు చెప్పడు. చెబితే పని పోతుందని భయం.

నీ సంగతీ ఉంది. అతుకు వేయగానే మాస్కు పైకెత్తి స్లాగ్ కొట్టావు. ఆర్క్ ఆరిందని ధైర్యపడే ఆ క్షణంలోనే వేడి పెచ్చు లేచి కంట్లో పడుతుంది. మాస్కు లోపల తెల్ల గాగుల్స్ ఎప్పుడూ ఉండాలి. నల్లద్దం ముందుండే తెల్లద్దం చిమ్ములతో మసకబారిపోయింది, మార్చు. దానివల్ల పని కనబడకనే చాలామంది మాస్కెత్తి పనిచేస్తారు. ఇక నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. రెప్ప వాల్చేలోపే రజను కంట్లో ఉంటుంది. ఇనుప రజను నల్లగుడ్డు మీద కూర్చుంటే అక్కడే తుప్పు పడుతుంది. గుడ్డ మూలతో, అగ్గిపుల్లతో తీయనివ్వకు, నలపనివ్వకు. మెహిదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళు. చుక్కల మందుతో మొద్దుబార్చి తీస్తారు. ఒక పూట కూలీ పోతుందని చూడకు.

2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షన్ చదివాను. పనిచేసేవాడికే కాదు, ఆ పని పక్కనే ఉన్నవాడికీ తెరో గాగుల్సో ఇవ్వాలని ప్రభుత్వం నియమం పెట్టొచ్చని అందులో ఉండేది. మీ చిన్న షెడ్డుకు అది వర్తించి ఉండకపోవచ్చు. కానీ పక్కవాణ్ణి తలచుకున్న ఆ మాట నాకు నచ్చింది. అప్పటిదాకానే ఉన్న 1923 నాటి పరిహార చట్టం, రెండో కన్ను బాగుండి ఒక కంటి చూపు పోతే సంపాదన శక్తిలో 30 శాతం పోయినట్టు లెక్కగట్టేది. రిజిస్టర్లో పేరే లేని ఈ కుర్రాడికి అలాంటి లెక్క ఎవరు కట్టిస్తారు? వాడు నిన్ను ఉస్తాద్ అంటాడు. ఆ పిలుపు తీసుకున్నాక వాడి కళ్ళ బాధ్యత మీ షెడ్డు సేఠ్ కంటే ముందు నీదే. వాడి ముఖానికి అడ్డు లేనంతవరకు రాడ్ ముట్టించకు.

వాడికి మాస్కూ గాగుల్సూ కొనమని సేఠ్‌ను అడుగు. మర్యాదగానే, కానీ గట్టిగా అడుగు. కొననంటే నాకు ఫోన్ చెయ్యి, పైసలు నేను పంపుతా. కుర్రాడి ముఖం చిన్నది, వాణ్ణి వెంట తీసుకెళ్ళి పెట్టి చూసి కొను. వదులుగా ఉంటే పక్కల నుంచి రజను దూరుతుంది. పండక్కి వచ్చేటప్పుడు వాణ్ణి కూడా తీసుకురమ్మని మీ అత్త చెప్పమంది.

మీ మేనమామ