బిందెలో చిల్లగింజ

వానలు మొదలయ్యాయంటే మా వీధి కుళాయిలో మొదటి రెండు బిందెలూ టీ నీళ్లలా వచ్చేవి. అమ్మమ్మ కంగారుపడేది కాదు. పాత నేతచీర ముక్కని నాలుగు మడతలు వేసి బిందె మూతికి కట్టేది. నిండాక చిల్లగింజని లోపలి అంచుకేసి గరగరా రుద్దేది. తెల్లారేసరికి బురదంతా అడుగున పేరుకుని, పైన నీళ్లు తేటగా ఉండేవి. కదపకుండా వంచుకోవడమే అసలు పనితనం. ఆ పని నాకెప్పుడూ అప్పగించలేదు లెండి!

పటిక చేసేదీ అదే. కంటికి ఆనని మట్టి రేణువుల్ని ఒకదానికొకటి అంటించి కిందికి దించుతుంది. అంతమాత్రాన క్రిములన్నీ పోవు. అందుకు నీళ్లు కళపెళా మరగాల్సిందే.

నల్లగొండ సంగతి వేరు. అక్కడి బోరునీళ్లు చూపుకి అద్దమే, లోపల మాత్రం ఫ్లోరైడ్. అది గుడ్డకు చిక్కదు, కాస్తే పోదు. పైగా నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు చిన్నప్పట్నుంచీ తాగితే పళ్లు గారపడతాయి. మోతాదు మరీ ఎక్కువై ఏళ్లు గడిస్తే ఎముకలే వంగిపోతాయి. దీనికి నాగపూర్‌లోని నీరీ సంస్థ పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతి కనిపెట్టింది. ఇంట్లో బకెట్లోనైనా చేసుకోవచ్చు. టాంజానియాలో, ఇథియోపియాలో కూడా దాని పేరు నల్లగొండ పద్ధతే.