ఓడినవాని పక్కన



క్రికెట్ పోటీ ఉన్న రోజున మన సుల్తాన్‌పూర్, పటాన్‌చెరు కార్మిక గదుల్లో ఏం జరుగుతుందో మీరెరుగుదురు. ఒకే టీవీ ముందు తెలుగువారు, ఒడిశావారు, బీహారువారు సర్దుకుని కూర్చుంటారు. సిక్సర్ పడితే పేరు తెలియనివాణ్ణి కూడా కౌగిలించుకుంటారు. ఇది మంచిదే. ఒంటరిగా సంతోషించడం మనిషికి చేతకాదు. దేవుడు మనలను అలాగే సృష్టించాడు.

2023 నవంబరు 19, ఆదివారం. వరుసగా 10 పోటీలు గెలిచిన మన జట్టు అహ్మదాబాదులో ప్రపంచ కప్పు తుది పోటీలో ఆస్ట్రేలియా చేతిలో ఓడింది. అటువంటి సాయంత్రం చివరి పరుగు దాకా కూర్చునేవారు ఎందరు? ఒక్కొక్కరే లేచిపోతారు.

అదే ఆదివారం శ్రీసభ ప్రపంచ పేదల దినాన్ని జరుపుకొంది. ఆటలో ఓటమిని నాలుగు రోజుల్లో మరిచిపోతాం. మరి బ్రతుకులో ఓడినవాని సంగతి? కాంట్రాక్టు పని పోయినవాడు, యంత్రంలో వేలు నలిగినవాడు, గది అద్దె కట్టలేనివాడు - వీరి పక్కన ఎవరు కూర్చుంటారు?

లూకా సువిశేషం 24వ అధ్యాయం చదవండి. ఆశ పోగొట్టుకుని ఇద్దరు శిష్యులు ఎమ్మావు దారి పట్టారు. ప్రభువు వారితో నడిచాడు, రొట్టె విరిచాడు. వారు వెంటనే లేచి యెరూషలేములోని తమవారిని కలుసుకున్నారు. మన దివ్యబలిపూజ కూడా అంతే. లోకం ఓడిపోయాడనుకున్న ప్రభువు చుట్టూ మనం చేరుతున్నాం. ఓడినవారిని విడిచిపెట్టి ఆ బల్లను ఎలా సమీపించగలం?

ఈ ఆదివారం గుడి తలుపు దగ్గరే నిలిచిపోయే కొత్త మనిషి పేరు అడగండి. ఇంటికి పిలిచి, మీ పిల్లల పక్కన కూర్చోబెట్టి అన్నం పెట్టండి. పోటీ ఉంటే అదీ కలిసి చూడండి. గెలుపోటములు ఎలా ఉన్నా అతడు మీవాడే.

ప్రభువు మిమ్ము దీవించును గాక.