ఎదగడానికి ఎంత చోటు?

వరంగల్ జిల్లా నుంచి వచ్చిన నవీన్ రాసిన ‘అంపశయ్య’ (1969)ని ఎదుగుదల నవలగా చదువుతూ వచ్చాం. ఉస్మానియా హాస్టల్లో రవి గడిపిన ఒకే రోజు, చైతన్య స్రవంతిలో. డబ్బుల్లేవు, భవిష్యత్తు బెంగ, తీరని కోరికలు. అయినా ఇంటికి దూరంగా తలదాచుకునే గది ఉంది, తోచినట్టు తిరిగే ఆవరణ ఉంది. ఆ చోటే రవిని పాత్రగా నిలబెట్టింది.

ఓల్గా ‘స్వేచ్ఛ’ (1987)లో అరుణ చదువుకుంది, ప్రేమించి పెళ్లాడింది. ఆమెకు దొరికిన చోటు ఇల్లే.

నాకు పేచీ ఇక్కడే. రవి మంచం మీద పడుకుని ఆలోచించినా ఎదుగుదలే అంటాం. అరుణ మాత్రం గడప దాటి నిరూపించుకోవాలి. మరి దాటలేని ఆడపిల్ల ఎదగనట్టేనా? రవి చూపుకి ఆనిన అమ్మాయిలకూ ఆ రోజు తెల్లవారే ఉంటుంది, పొద్దుగూకే ఉంటుంది. వాళ్ల తలల్లో ఏం నడిచిందో నవలకి అక్కర్లేకపోయింది.