అసలు ఉద్యోగం ఏది?

మహాభారతంలో ఐదవ పర్వానికి ఉద్యోగ పర్వమని పేరు. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలు ఆ పేరు వినగానే పాండవులు ఏదో కొలువులో కుదిరిన కథ కాబోలు అనుకుంటే వారిని తప్పుపట్టలేము. కొలువులో కుదిరిన కథ దానికి ముందున్న విరాట పర్వంలోనిది. అక్కడ భీముడు వంటవాడు, అర్జునుడు నాట్యం నేర్పే గురువు. (వంటకూ నాట్యానికీ నేడు యూట్యూబులో ఉన్న ఆదరణ చూస్తే అన్నదమ్ములిద్దరూ మంచి వృత్తులే ఎంచుకున్నారనిపిస్తుంది.) ఉద్యోగ పర్వంలో జీతం ప్రసక్తి లేదు. సంస్కృతంలో ఉద్యోగమంటే పూనిక, ప్రయత్నం, ఒక కార్యానికి నడుం కట్టడం. నెలజీతం, హోదా, సంస్థ పేరు అన్న అర్థాలు ఆ మాటకు తరువాత వచ్చి చేరినవి.

"మీ అబ్బాయి ఏం చేస్తున్నాడండీ?" అన్న ప్రశ్నకు పేరున్న సంస్థను చెబితే మన మధ్య సంభాషణ అక్కడితో సుఖాంతమవుతుంది. ఆ సంస్థలో అతడు చేసే పని ఎటువంటిదో ఎవరూ అడగరు. "ఇంట్లోనే వీడియోలు చేస్తాడు" అనో, "మా అమ్మాయి ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతుంది" అనో అంటే మాత్రం ఒక క్షణం మౌనం. ఆపైన రెండవ ప్రశ్న: "అది సరేనండీ, అసలు ఉద్యోగం?"

ఈ రెండవ ప్రశ్నను ఆడంబరమని కొట్టివేయడం అన్యాయం. దాని వెనుక ఒక చరిత్ర ఉన్నది. 1990 నాటి చట్టంతో ఏర్పడిన హెచ్-1బి వీసా మీద అమెరికాకు వచ్చిన కుటుంబాలు మనలో ఎన్నో. ఆ వీసాకు దరఖాస్తు చేసేది పనిచేసే మనిషి కాదు, పని ఇచ్చే సంస్థ. ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికి నేటి నిబంధన ఇచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులు. భారతదేశంలో పుట్టినవారికి గ్రీన్‌కార్డు నిరీక్షణ ఏళ్ల తరబడి సాగుతుంది. అన్నం పెట్టేదీ ఉద్యోగమే, ఈ నేలమీద నిలబడనిచ్చేదీ ఉద్యోగమే. ఇంటి అప్పు, పిల్లల చదువు, ఊరికి వెళ్లి అమ్మానాన్నలను చూసి తిరిగి రాగలమన్న ధైర్యం, అన్నీ ఒక సంస్థ పేరుమీద వేలాడిన సంవత్సరాలవి. అలా బ్రతికినవారికి సంస్థ పేరు లేని సంపాదన గాలిలో దీపంలా కనిపించడంలో వింత లేదు.

కాని ఇక్కడే పుట్టిన పిల్లలకు ఆ వీసాతో పని లేదు. ఆ భయం తయారుచేసిన తూకపురాయి మాత్రం వారి చేతికి అందుతున్నది, అది మన పెద్దలనాటి సంప్రదాయమన్నట్టు. దానిని చెక్కినది వలస చట్టమే తప్ప సంప్రదాయం కాదు. సంస్థ లేని పనిని అమెరికా పన్నుల శాఖ ఏమీ చిన్నచూపు చూడదు. సొంతంగా సంపాదించేవారు సోషల్ సెక్యూరిటీకీ మెడికేర్‌కూ కలిపి 15.3 శాతం కట్టాలి. జీతగాడు కట్టేది అందులో సగమే, మిగిలిన సగం సంస్థ భరిస్తుంది.

మన అభిప్రాయంలో ఇంకొక చిత్రం ఉన్నది. గుంటూరు జిల్లాకు చెందిన మస్తానమ్మ నూరేళ్లు దాటిందని చెప్పే వయసులో ఆరుబయట పొయ్యి వెలిగించి వండుతుంటే లక్షలమంది చూశారు. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూసినప్పుడు విదేశీ వార్తాసంస్థలు సైతం ఆమెను తలచుకున్నాయి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో కూలి పనులు చేసుకునే గంగవ్వ ‘మై విలేజ్ షో’తో తెలుగువారందరికీ తెలిసిన మనిషయింది. వీరిని చూసి మనం మురిసిపోతాము. అదే పని మన ఇంటి పిల్లవాడు చేస్తానంటే కాలక్షేపమంటాము. గంగవ్వకు గౌరవమైనది మన వాడికి ఎందుకు కాదో చెప్పడం అంత సులభం కాదు.

అలాగని అంతర్జాలంలో డబ్బు తెచ్చే ప్రతిదీ గౌరవమైన పని అనలేము. ఏదో ఆకు నమిలితే మధుమేహం మాయమవుతుందని చెప్పి వీక్షకులను పోగుచేసుకునేవారున్నారు. 2025లో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారన్న ఆరోపణపై తెలంగాణ పోలీసులు పలువురిపై కేసులు పెట్టారు. ఆ జాబితాలో యూట్యూబర్లు ఉన్నారు, పేరున్న సినిమా నటులూ ఉన్నారు. మంచి చెడ్డలను పాత వృత్తి, కొత్త వృత్తి అన్న గీత వేరు చేయలేదన్నమాట. మనకు తోచిన గీత వేరు. తన పని ఫలితం చేరే మనిషి ఎదుట నిలిచి, తాను ఏమి చేసినదీ దాచకుండా చెప్పగలడా? లెక్కలు నేర్పే అమ్మాయి చెప్పగలదు. మస్తానమ్మ చెప్పగలిగేది. నెలనెలా డబ్బు కోసుకునే సేవను రద్దు చేసే మీటను ఎవరికీ దొరకనిచోట దాచే పనిలో ఉన్న ఇంజనీరు చెప్పగలడా? అతనికి పేరున్న సంస్థ ఉన్నది, బీమా ఉన్నది, హోదా ఉన్నది. రెండవ ప్రశ్న అతనిని ఎవరూ అడగరు.

ఇక తల్లిదండ్రుల ఆందోళనలో నిజమైన భాగం ఒకటి మిగిలే ఉన్నది. యూట్యూబు వంటి వేదిక యజమానిలా ఆజ్ఞాపిస్తుంది గాని యజమాని బాధ్యతలు మోయదు. 2018లో యూట్యూబు తన నియమం మార్చింది. 1,000 మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ లేని ఛానెళ్లకు ప్రకటనల ఆదాయం ఆగిపోయింది. అవతల మొరపెట్టుకోవడానికి ఒక మనిషి ముఖమైనా కనిపించదు. తల్లిదండ్రుల ఆరోగ్య బీమా పిల్లలకు 26 ఏళ్లు నిండేవరకే వర్తిస్తుంది. కనుక అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. రేపు ఆ ఖాతా మూతపడితే ఎన్ని నెలలు గడుస్తుంది? బీమా ఎవరు కడుతున్నారు? ముసలితనానికి ఏమైనా దాస్తున్నావా? ఇవి నలుగురిలో అడిగేవి కావు. ఇంట్లో, పన్ను కాగితాలు బల్లమీద పరచుకుని, కాఫీ తాగుతూ అడగవచ్చు. సొంత సంపాదన మీద ఏడాదికి నాలుగు విడతలుగా అంచనా పన్ను కట్టాలన్న సంగతి పిల్లవాడికి ఇంకా తెలియకపోతే, అప్పుడే చెప్పవచ్చు.