కడబంతి

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదన్నారు పెద్దవాళ్ళు. వడ్డన ఎప్పుడూ సమంగా జరగదని బాగా తెలిసినవాళ్ళు అన్న మాట అది. మరి వడ్డించేవాడే లేకపోతే? గరిటె ఏ మనిషి చేతికీ ఇవ్వకుండా లెక్కకే అప్పగిస్తే?

అమెరికాలో నెడ్ స్కాట్, డాన్ లారిమర్ అనే ఇద్దరు 2016లో ఈ పనే తలపెట్టారు. దాని పేరు స్టీమిట్. ఫేస్‌బుక్‌లో రాసేది మనం, డబ్బు పోయేది కంపెనీకి. అలా కాకుండా రాసినవాళ్ళకీ, చదివి మెచ్చినవాళ్ళకీ ముట్టాలన్నది వాళ్ళ సంకల్పం. రోజూ కొంత కొత్త నాణెం పుడుతుంది. చేతికందే నాణెం కాదు, కంప్యూటర్ పద్దులో అంకె. అయితేనేం, అమ్ముకుంటే డాలర్లొస్తాయి. దాన్ని ఓట్లనిబట్టి రచనలకి పంచుతారు. ఆ పద్దు ఎవరి బీరువాలోనూ ఉండదు. చాలా కంప్యూటర్లలో నకళ్ళుంటాయి గనక చాటుగా దిద్దడం కుదరదు. బ్లాక్‌చెయిన్ అంటే ఇదే.

చిక్కంతా ఓటు దగ్గర వచ్చింది. మనిషికో ఓటంటే ఒక్కడే వంద దొంగపేర్లతో వచ్చి కూర్చుంటాడు. యంత్రానికి మొహాలు తెలియవు, డబ్బొకటే తెలుసు. అందుకని ఎవరి దగ్గర ఎంత నాణెం దాచి ఉంటే వాళ్ళ ఓటుకి అంత బరువన్నారు. మొదట్లో ఆ బరువుని మళ్ళీ దానితోనే హెచ్చించేవారు. అంటే పదింతలున్నవాడు మెచ్చిన రచనకి దాదాపు వందింతలు! ఎవరికివారు ఓటేసుకుని లాభపడకూడదు, నలుగురూ మెచ్చిందే పైకి రావాలి అన్నది ఉద్దేశం. జరిగిందేమో, కొద్దిమంది కలవారి కంటబడ్డ రాతకే విందంతా. 2017లో ఆ హెచ్చింపు తీసేశారు. దాంతో ఎవరి రాతకి వాళ్ళే ఓటేసుకోవడం గిట్టుబాటయింది. ఓట్లు అమ్మే యంత్రాలు జోరందుకున్నాయి. ఇంత కట్టు, ఇంత మెప్పు! 2019లో సూత్రం మళ్ళీ మార్చారు. తలకి లాక్కుంటే కాళ్ళు బయటపడే దుప్పటి మనకి తెలియనిదా?

ఇంకో బాధ, జనం పెరగడం. రాసిన ప్రతి ముక్కా, ఉత్త ‘బాగుంది’తో సహా, పద్దులో శాశ్వతంగా ఉండాలాయె. 2018 సెప్టెంబరులో రేషను పెట్టారు. నాణెం ఎక్కువున్నవాళ్ళకి ఎక్కువ రాసే వీలు, కొత్తవాళ్ళకి నాలుగు మాటలు. అదే నవంబరులో కంపెనీ 70 శాతానికి పైగా సిబ్బందిని ఇంటికి పంపింది. నాణెం ధర పడిపోయింది, యంత్రాల ఖర్చు భరించలేకపోతున్నాం అన్నారు. చోటు ఇరుకైతే లేవమనేది కడబంతివాళ్ళనే గదా.

నాకు మింగుడుపడనిది ఇదేదీ కాదు. మెచ్చుకున్నందుకు కూలి! రచనకొచ్చిన దాంట్లో మొదట పాతిక శాతం, 2019 నుంచి సగం మెచ్చినవాళ్ళకి. నలుగురికంటే ముందు మెచ్చితే వాటా ఎక్కువ. ఇంక చదవడం దేనికండీ? రచయిత పేరు చూసి ఓటేసే యంత్రాలు పెట్టుకున్నారు కొందరు. పక్కింటావిడ మన గోంగూర పచ్చడి రుచి చూసి ‘బాగుందండీ’ అంటే సంతోషం ఎందుకు? ఆ మాటవల్ల ఆవిడకి దమ్మిడీ రాదు గనక.

అలాగని, రాతకి డబ్బేమిటని మూతి తిప్పేవాళ్ళతో నేను కలవను. ‘ప్రేమతో చేస్తున్నారుగా’ అంటూ ఆడవాళ్ళ పనికి జీతం ఎగ్గొట్టడం చాలా చూశాం. రాసినందుకు ఇవ్వండి, మహారాజులా ఇవ్వండి.

2020లో జస్టిన్ సన్ అనే వ్యాపారి ఆ కంపెనీని కొన్నాడు. పెత్తనం అతని చేతికి పోతుందని భయపడ్డవాళ్ళు మార్చి 20న పద్దుకి నకలు తీసుకుని హైవ్ అని వేరుకాపురం పెట్టారు. కంపెనీ వాటాని మాత్రం కొత్త పద్దులోకి ఎక్కనివ్వలేదు. కాపురం కొత్తదే గానీ వడ్డన పాతదే. అక్కడా ఓటుకి డబ్బు బరువే.

పాత నియమం ఇంకొకటి కూడా వెంట వెళ్ళింది. రాత శాశ్వతం, ప్రతిఫలం మాత్రం ఏడు రోజులు. మంచానపడ్డ అత్తగారికి సేవ చేస్తూ ఏ అర్ధరాత్రో ఒకావిడ, అదే కష్టం పడ్డ ఇంకొకావిడ మూడేళ్ళకిందట రాసిన ముక్క చదివి, కళ్ళు తుడుచుకుని ఓటు నొక్కిందనుకోండి. ఓటు నమోదవుతుంది. రాసినావిడ పద్దులో అంకె కదలదు.