ప్రశ్నకు పార్టీ ఉంటుందా?

అవినీతి ఆరోపణ వచ్చినప్పుడల్లా మన రాజకీయ పక్షాలు ముందుగా ఇచ్చే జవాబు ఒకటే: "అడిగే హక్కు మీకెక్కడిది?" వెంటనే గురివింద గింజ సామెత ఎత్తుకుంటారు. వినేవాళ్ళు కూడా నిజమేనని తలూపుతారు. నాకు మాత్రం ఒక సందేహం. అడిగినవాడి ఉద్దేశం చెడ్డదైనంత మాత్రాన అడిగిన ప్రశ్న అబద్ధమవుతుందా?

ముంబయిలోని ఆదర్శ్ హౌసింగ్ సొసైటీ సంగతే తీసుకుందాం. కామాఠీపుర అనే పేరులోనే మన కూలీల జ్ఞాపకం నిలిచిన ఆ నగరంలో జానెడు చోటు విలువెంతో మనవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. కొలాబాలో 31 అంతస్తుల భవనం లేచింది. 60 మీటర్లకు పైగా వెడల్పు ఉండవలసిన రోడ్డు ప్లానులో 18 మీటర్ల చిల్లరకు కుదించుకుపోయింది. పక్కనున్న బస్సు డిపో స్థలం తాలూకు నిర్మాణ హక్కు కూడా ఈ భవనానికే కలిసింది. 2010లో గొడవ బయటపడి, ముఖ్యమంత్రి అశోక్ చవాన్ రాజీనామా చేశారు.

ఆలోచింపజేసేది ఆ తర్వాతి కథ. 2013 డిసెంబరులో విచారణ సంఘం నివేదిక శాసనసభ ముందుకు వచ్చింది. కాంగ్రెసు నాయకత్వంలోని ప్రభుత్వం మొదట దాన్ని తోసిపుచ్చింది. సొంత పార్టీలోనే విమర్శ రావడంతో 2014 జనవరిలో కొంతవరకు ఒప్పుకుంది. చవాన్‌పై కేసు నడపడానికి 2013లో గవర్నరు అనుమతి నిరాకరించారు. ప్రభుత్వాలు మారాక, 2016లో, కరీంనగర్ నుంచి వెళ్ళిన మన విద్యాసాగర్ రావు గారు గవర్నరుగా అనుమతి ఇచ్చారు. 2017 డిసెంబరులో బొంబాయి హైకోర్టు ఆ అనుమతిని కొట్టివేసింది. 2024 ఫిబ్రవరిలో చవాన్, ఏళ్ళ తరబడి తనను నిలదీసిన బి.జె.పి.లోనే చేరి రాజ్యసభకు వెళ్ళారు.

ఆయన దోషి అని నేననడం లేదు. ఏ న్యాయస్థానమూ అనలేదు. నేనడిగేది నిలదీసినవారిని. ఆరోపణ నిజమని నమ్మితే ఆయనను ఎలా చేర్చుకున్నారు? పొరపాటని తెలిస్తే ఆ మాట బాహాటంగా ఎందుకు చెప్పలేదు?

ప్రతిపక్షం స్వార్థంతోనే అడుగుతుంది. అడగనివ్వండి. బ్యాంకు ఉద్యోగంలో నేను చూసిందేమిటంటే, పగతో రాసిన ఫిర్యాదు కూడా ఒక్కోసారి సరైన ఓచరు దగ్గరికే తీసుకుపోతుంది. ఓచరుకు పగ ఉండదు. అందులో ఉన్న అంకె ఉన్నట్టే ఉంటుంది. స్వార్థంతో అడగడంలో కంటే, స్వార్థం తీరగానే అడగడం మానెయ్యడంలోనే నాకు అసలు తప్పు కనిపిస్తుంది. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు!

అయితే దురుద్దేశంతో వేసే విచారణల్లో నిర్దోషులు నలిగిపోరా అని అడగవచ్చు. నలుగుతారు. కాని వాళ్ళను ఎక్కువగా నలిపేది సగంలో ఆగిన విచారణే. శిక్షా పడదు, మచ్చా పోదు. ఊరికి నిజం తెలియదు, మనిషికి ఊరట దొరకదు.

మా బ్యాంకుల్లో క్యాషు పెట్టెకు రెండు తాళాలు, రెండు చేతుల్లో ఉంటాయి. ఆకస్మిక తనిఖీకి బయటి అధికారి వస్తాడు. మేనేజరు ఎంత మంచివాడైనా వస్తాడు. అందరికీ వస్తుంది కనుక అది ఎవరికీ అవమానం కాదు. నగర ప్లానులో రోడ్డు తగ్గినా, స్థలం చేతులు మారినా అలాంటి తనిఖీ దానంతటదే జరగాలి. మంత్రివర్గం దయ మీదా, ప్రతిపక్షం కోపం మీదా ఆధారపడకూడదు. ఇప్పుడు రెండో తాళం చెవి కూడా పార్టీల జేబులోనే ఉంది.

అంతవరకు మనం చేయగలిగింది ఒకటుంది. ఎవరు అడిగారన్నది కాసేపు పక్కనపెట్టి, అడిగిందానికి జవాబు వచ్చిందా అని చూడడం. మనం ఓటేసిన పార్టీని అడిగినప్పుడు కూడా అలాగే చూడడం. కుదించుకుపోయిన రోడ్డు ఏ పార్టీదీ కాదు, దానిమీద నడవవలసిన వాళ్ళది.