వీరగాథలును విశ్వాసియు

ధ్యానమునకు: 2 సమూయేలు 23:8–39



గడచిన కోతల కాలములో ఒక సాయంకాలము యౌవనస్థుల కూటము ముగిసిన తరువాత, కాలేజీలో చదువుచున్న ఒక కుమారుడు మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, సర్వాయి పాపన్న దొంగనా, వీరుడా?" అని అడిగెను. ముందటి రాత్రి వారి గ్రామమునకు తంబుర మీటుచు కథ చెప్పువారు వచ్చి పాపన్న కథ చెప్పిరట. వాని తాత ఆ కథ వినుచు కన్నీరు విడిచెనట. చదివిన పుస్తకములో మాత్రము అతడు ఊళ్లు కొల్లగొట్టినవాడని యున్నదట.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. "వాక్యములో లేని కథలతో నీకేమి పని?" అని పంపివేయుట సులభమే. కాని అట్లు పంపివేసినచో వాడు ప్రశ్నను మానడు, మమ్ములను అడుగుట మానును. కనుక ఈ నెల ఆ ప్రశ్ననే మీ అందరి యెదుట ఉంచుచున్నాము. వీరగాథలను విశ్వాసి ఎట్లు వినవలెను? సత్యమును ప్రేమించువాడు, పాట పెంచి చెప్పిన మనుష్యుని ప్రేమింపవచ్చునా?

మొదట సంగతులు తెలిసికొందము. పాపన్న కోట నేటికిని మన జనగామ జిల్లాలోని ఖిలాషాపురములో నిలిచియున్నది. అతడు కల్లుగీత వృత్తివారి బిడ్డ. అతని గూర్చి మనకు రెండు విధములైన సాక్ష్యములు కలవు. ఒకటి జనుల పాట. దానిని 1874లో బోయిల్ అను ఆంగ్లేయుడు అచ్చులో ప్రకటించెను. అందులో తల్లి కులవృత్తి చేసికొమ్మనగా కుమారుడు ఒల్లక, గోలకొండమీదికి పోవుదునని చెప్పును. అతని వెంట చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, దూదేకులవారు నడచుదురు. రెండవది మొగలుల కాలపు చరిత్రకారుడైన ఖాఫీఖాన్ పారసీ భాషలో వ్రాసినది. దాని ప్రకారము పాపన్న బందిపోటు. 1708లో, మొహర్రము దినములలో, జనులు పండుగ పనులలో మునిగియుండగా అతడు వరంగల్లు నగరముమీద పడి, సొమ్ము దోచి, అనేకమంది స్త్రీలను పిల్లలను చెరపట్టెను. 1709లో హైదరాబాదునకు వచ్చిన బహదూర్‌షా చక్రవర్తికి గొప్ప ధనము కానుకగా ఇచ్చి గౌరవ వస్త్రము పొందెను. చెరపట్టబడినవారి పక్షమున పెద్దలు మొరపెట్టగా చక్రవర్తి మనసు మార్చుకొని అతనిమీదికి సేనను పంపించెను. 1710లో పాపన్న పట్టుబడి చంపబడెను.

ఈ రెండు సాక్ష్యములలో ఏది నిజము? మా అభిప్రాయమున రెండును కొంత చెప్పి కొంత దాచినవి. ఖాఫీఖాన్ దర్బారు పక్షమువాడు. గీత పనివాడు ఏల కత్తి పట్టెను, చాకలియు కుమ్మరియు తమ పని విడిచి అతని వెంట ఏల నడచిరి అను ప్రశ్న అతనికి ముఖ్యముగా తోచలేదు. పాట పాడినవారు పేదల పక్షమువారు. వారికి పాపన్న ధైర్యము కనబడెను గాని, వరంగల్లులో తల్లి చేతినుండి లాగబడిన బిడ్డ కనబడలేదు. ఒకడు ఏడ్పును వ్రాసి కారణమును విడిచెను. ఒకరు కారణమును పాడి ఏడ్పును విడిచిరి.

ఇది మన ప్రాంతమున మాత్రమే జరిగినది కాదు. పల్నాటి యుద్ధము 12వ శతాబ్దపు చివరి భాగమున జరిగెను. శ్రీనాథునిదిగా చెప్పబడు పల్నాటి వీరచరిత్ర 15వ శతాబ్దపుది. ఈ నడుమ రెండువందల ఏండ్లకు పైగా ఆ కథ పాడువారి నోటనే బ్రదికెను. ఓరుగల్లు వీధులలో ఆ వీరుల కథ పాడుచుండిరని క్రీడాభిరామమను కావ్యము వలన తెలియుచున్నది. ములుగు అడవులలోని మేడారమున రెండేండ్లకొకసారి లక్షల జనము తలంచుకొను కోయ తల్లీకూతుళ్ల కథయు, కరవులో పన్ను అడిగిన రాజును ఎదిరించినవారి కథయే. వారిని పూజించుట మన విశ్వాసము కాదు. అయినను ఆ కథలోని ఆకలిని ఎగతాళి చేయుట మనకు తగదు.

పడమటి దేశములలోను ఇట్లే జరిగెను. క్రీ. శ. 778లో షార్లమేన్ రాజుయొక్క వెనుకటి దండుమీద కొండ కనుమలో బాస్కులను కొండజాతివారు పడి అనేకులను చంపిరి. చచ్చినవారిలో రోలండు ఒకడని రాజుగారి చరిత్ర వ్రాసిన ఐన్‌హార్డు పేరు మాత్రము చెప్పి ఊరకొనెను. సుమారు మూడువందల ఏండ్లకు పుట్టిన పాటలో ఆ రోలండు మహావీరుడాయెను. కొండజాతివారు మాయమై, వారి స్థానమున ముస్లిముల గొప్ప సేన వచ్చెను. పాట కట్టిన కాలములో క్రైస్తవులకును ముస్లిములకును యుద్ధములు జరుగుచుండెను గనుక, అప్పటి పగను పాతకాలపు కథకు తొడిగిరి. అట్టి పాటలు విని యుద్ధమునకు పోయినవారు తాము ప్రభువు పని చేయుచున్నామని తలంచిరి. ఆర్థరు రాజు యోధుల కథలను ఇంగ్లీషులో ఒకచోట చేర్చిన మాలరీ అనునతడు తాను చెరలో నున్న యోధుడనని తానే వ్రాసికొనెను. దోపిడి మొదలగు నేరములు మోపబడిన మాలరీ ఇతడేయని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయము. అబలలను కాపాడు యోధుల ధర్మమును గూర్చి అందముగా వ్రాసిన చేయి అట్టిది! మనుష్యుడు తాను కాలేకపోయినదానిని కథలో నిలువబెట్టుకొనునేమో.

అందుచేత వీరగాథ వట్టి అబద్ధమని మేము చెప్పము. అది జనుల కోరిక. తలవంచి బ్రదికినవారు, తలయెత్తినవాడొకడు ఉండెనని పిల్లలకు చెప్పుకొందురు. పల్నాటి కథలో బ్రహ్మనాయుడు మాల కులస్థుడైన కన్నమదాసును కుమారునిగా చేర్చుకొని సేనలో ముందు నిలిపెనని విన్నప్పుడు మన పాతతరమువారి మొగములు ఎట్లు వెలిగెడివో మేము చూచియున్నాము. ఊరి బావిలో చేద వేయనియ్యని కాలమున ఆ మాట వారికి అన్నము వంటిది. కాని కోరిక వేరు, సాక్ష్యము వేరు. కోరికను సాక్ష్యమని చెప్పినప్పుడే హాని కలుగును.

ఇప్పుడు వాక్యమునొద్దకు వత్తము. బైబిలునందు వీరుల పాటలు లేవా? కలవు. యెహోవా యుద్ధముల గ్రంథమను ఒకదానిని సంఖ్యాకాండము పేర్కొనుచున్నది. యాషారు గ్రంథమును యెహోషువయు సమూయేలును పేర్కొనుచున్నవి. గిల్బోవ కొండలమీద సౌలు పడినప్పుడు దావీదు పాడిన ప్రలాపము అందులో వ్రాయబడినదట. ఆ పాటలో సౌలు తప్పు ఒక్కటియు లేదు. ఈటె విసరినవానిని దావీదు ప్రియుడనియే పాడెను. చచ్చినవానిని గౌరవించుట పాపము కాదు. అయితే గమనించుడి: ఆ పాట ఉన్న సమూయేలు గ్రంథములోనే సౌలు అసూయయు అవిధేయతయు దాచకుండ వ్రాయబడియున్నవి. పాటను ఉంచిరి, ప్రక్కనే సత్యమును ఉంచిరి.

దావీదు మాట కూడ అంతే. అదుల్లాము గుహలో అతనియొద్ద చేరినవారెవరు? ఇబ్బందిలో నున్నవారు, అప్పులపాలైనవారు, మనసు విరిగినవారు. సుమారు నాలుగువందల మంది. పాపన్న వెంట నడచినవారికిని వీరికిని ఎంత దూరము? నాబాలు ఇల్లు తెల్లవారులోగా నాశనము చేయుదునని దావీదు కత్తి కట్టుకొని బయలుదేరెను. దారిలో అబీగయీలు అను ఒక స్త్రీ గాడిదలమీద రొట్టెలు వేసికొని వచ్చి, నిరపరాధుల రక్తము నీ మనస్సునకు భారమగునని చెప్పి ఆపెను. ఆపినప్పుడు అతడు ఆగెను. ఆ దినమున దావీదును కాపాడినది అతని బలము కాదు, తన్ను ఆపిన మాట వినిన చెవి.

మరియు 2 సమూయేలు 23వ అధ్యాయమున దావీదు వీరుల పట్టిక యున్నది. ముప్పదియేడుగురు. ఆ పట్టిక చివరి పేరు ఎవరిదో చూడుడి. హిత్తీయుడైన ఊరియా. ఎవని భార్యను రాజు తీసికొనెనో, ఎవనిని యుద్ధపు ముందు వరుసలో నిలిపి చంపించెనో, ఆ ఊరియా. రాజు వీరుల పట్టిక వ్రాయుచు ఆ ఒక్క పేరు విడిచిపెట్టిన యెడల ఎవరు అడుగుదురు? అయినను విడువలేదు. లోకములోని వీరగాథలకును వాక్యమునకును మాకు కనబడిన భేదము ఇదే. వాక్యము వీరునిచేత గాయపడినవాని పేరును కూడ చదివించును.

ఈ సంగతి మేము పుస్తకములో నేర్చుకొనలేదు, సిగ్గుపడి నేర్చుకొంటిమి. కొన్ని ఏండ్ల క్రిందట మేము సేవచేసిన ఒక సంఘమునకు జూబిలీ పండుగ వచ్చెను. సంఘ చరిత్ర చిన్న పుస్తకముగా మేమే వ్రాసితిమి. మొదటి పెద్దలు ఎండలో రాళ్లు మోసి గుడి కట్టిన విధము, వారు పడిన దెబ్బలు, వారి ప్రార్థనలు, అన్నియు వ్రాసి చదివి వినిపించితిమి. జనులు సంతోషించిరి. ఆరాధన తరువాత ఒక ముసలమ్మ కఱ్ఱ పట్టుకొని వచ్చి, "అయ్యగారూ, ఆ బాయి తవ్వింది మా నాయిన. ఆయన పేరు యాడ రాసిండ్రు?" అనెను.

ఆ పేరు మేము ఎరుగుదుము. పెద్దలతో భూమి విషయమై తగవు వచ్చినప్పుడు ఆయనను సంఘములోనుండి వెలివేసిరి. తరువాత తప్పు ఆయనది కాదని తెలిసెను గాని, ఆయన బ్రదికియుండగా ఎవరును పిలువలేదు. పండుగనాడు ఆ మాట ఎందుకని మేము విడిచితిమి. అందుచేత పాపన్న పాట కట్టినవారిని తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. వారు వరంగల్లు తల్లులను విడిచిరి, మేము ఈ తల్లి తండ్రిని విడిచితిమి. పై నెల పెద్దలను కూర్చుండబెట్టి, మాటలు పడి, ఒక పుట అచ్చు వేయించి ఆ పుస్తకములో అతికించితిమి. ఆమెకు చదువు రాదు. అయినను ఆ పుటమీద చేయి వేసి చాలసేపు కూర్చుండెను.

కనుక ఆ కుమారునికి మేము చెప్పిన జవాబు ఇది. "నాయనా, పాట విను. మీ తాత ఏడ్పు దొంగ ఏడ్పు కాదు. అయితే విన్న తరువాత మూడు ప్రశ్నలు అడుగుము. ఈ పాట ఎవరిది? పాటలో లేనివారెవరు? ఈ వీరుని ధైర్యమునకు వెల ఎవరు చెల్లించిరి?" పాపన్నను దొంగయని తీర్పు తీర్చుటకంటెను, దేవుడని మ్రొక్కుటకంటెను, ఈ ప్రశ్నలు అడుగుట కష్టము. కాని సత్యమును ప్రేమించువానికి ఇదే దారి.

మూడవ ప్రశ్నకు వాక్యములో ఒక అందమైన జవాబు గలదు. దావీదు దప్పిగొని బేత్లెహేము బావి నీటిని కోరగా, ముగ్గురు వీరులు ఫిలిష్తీయుల దండులోనుండి దూసికొనిపోయి ఆ నీరు తెచ్చిరి. వీరగాథకు అంతకంటె ఏమి కావలెను? కాని దావీదు త్రాగలేదు. అది ప్రాణమునకు తెగించి వెళ్లినవారి రక్తముతో సమానమని తలంచి దేవుని యెదుట పారబోసెను. ఇతరుల రక్తము తన దప్పి తీర్చరాదని ఆ దినమున రాజు ఎరిగెను.

దావీదు కుమారుడైన యేసు ప్రభువు ఇంకను ముందుకు వెళ్లెను. పేతురు కత్తి దూసినప్పుడు దానిని ఒరలో పెట్టుమని చెప్పి, గాయపడిన దాసుని చెవి బాగుచేసెను. ఆ దాసుని పేరు మల్కు అని యోహాను వ్రాసిపెట్టెను. శత్రువు పక్షపు పనివాని పేరు కూడ మన సువార్తలో మిగిలియున్నది. సిలువమీద ప్రభువు చెల్లించిన వెల ఇతరులది కాదు, తనది.

సంఘస్థులారా, ఈ నెల మీ ఇండ్లలో పిల్లలకు కథలు చెప్పునప్పుడు ధైర్యముగలవారి కథలు చెప్పుడి. మీ కుటుంబపు పెద్దల కథలును చెప్పుడి. వారు చేసిన మంచితోపాటు, వారిచేత నొచ్చినవారి పేరు ఒకటి యున్నచో అదియు చెప్పుడి. ఆ ఇల్లు ఇంకను మీ ఊరిలో నున్న యెడల, ఒకసారి వెళ్లి రండి.

తన ఉపకారులను మరువని కృతజ్ఞతయు, తన తప్పు దాచని ధైర్యమును ప్రభువు మన సంఘములన్నిటికి దయచేయును గాక. ఆమేన్.